సబ్‌శాంపిల్ 1, సబ్‌శాంపిల్ 2: నమూనా సర్వేలకు మహలనోబిస్ ఇచ్చినది ఏమిటి?

మీరు రెండు విషయాలు అడిగారు. జాతీయ నమూనా సర్వే యూనిట్ స్థాయి (ఒక్కో ఇంటి వివరాలు విడివిడిగా ఉండే) డేటాలో ప్రతి రికార్డుకూ 'సబ్‌శాంపిల్' అనే అంకె 1 గానో 2 గానో ఎందుకు ఉంటుంది, గుణకాన్ని (ఆ రికార్డు జనాభాలో ఎన్నింటికి ప్రతినిధో చెప్పే అంకెను) ఒకచోట 100తోను మరొకచోట 200తోను భాగించమని ఎందుకు చెబుతారు అన్నది మొదటిది. ప్రశాంత చంద్ర మహలనోబిస్‌ను నమూనా సర్వేల పితామహుడని అందరూ అంటారు గానీ ఆయన కొత్తగా చేసినది ఏమిటో ఎవరూ విడమరచి చెప్పరన్నది రెండోది. మీరు వీటిని వేర్వేరుగా అడిగారు గానీ, రెండింటికీ సమాధానం ఒకే చోట ఉంది. మీ ఫైలులో కనిపించే ఆ ఒకటీ రెండూ ఆయన 1930లలో బెంగాల్ జనపనార చేలలో మొదలుపెట్టిన పద్ధతికి మిగిలిన గుర్తులు. నేను చాలా ఏళ్లు క్షేత్ర సర్వేల పర్యవేక్షణలో గడిపినవాడిని కనుక సిద్ధాంతం కంటే చేలో జరిగేది ఎక్కువగా చెబుతాను.

ముందుగా ఆయన కనిపెట్టనివి పక్కన పెడదాం. మొత్తాన్ని లెక్కించకుండా కొంత భాగాన్ని చూసి మొత్తం గురించి చెప్పవచ్చన్న వాదనను నార్వేకు చెందిన కియేర్ 1895లోనే అంతర్జాతీయ గణాంక సభ ముందు పెట్టాడు. ఆ భాగాన్ని యాదృచ్ఛికంగా ఎంచుకుంటేనే దోషాన్ని లెక్కగట్టగలమని, జనాభాను వర్గాలుగా (స్ట్రాటాలుగా) విడగొట్టి ఏ వర్గం నుంచి ఎంత తీసుకోవాలో నిర్ణయించవచ్చని పోలండ్ గణాంకవేత్త నేమన్ 1934 నాటి పత్రంలో గట్టిగా స్థాపించాడు. మన దేశంలోనే, 1920లలో బీహార్-ఒరిస్సా ప్రాంతంలో హబ్బక్ అనే ఐసీఎస్ అధికారి వరి చేలలో యాదృచ్ఛికంగా చిన్న చిన్న ముక్కలు కోయించి దిగుబడి అంచనా వేసి, 1927లో నివేదిక అచ్చువేశాడు. ఆ పని విలువను మహలనోబిస్ ఎన్నడూ దాచలేదు. 1946లో దాన్ని తన 'సాంఖ్య' పత్రికలో మళ్లీ ప్రచురించాడు కూడా. కాబట్టి 'నమూనా సర్వేను కనిపెట్టినవాడు' అనడం సరికాదు. సర్వే చేసే మనుషులను, వారి కాళ్లను, వారి గడియారాన్ని, వారి పొరపాట్లను సైతం గణితం లోపలికి తెచ్చినవాడు అంటే సరిపోతుంది.

ఆయన భౌతికశాస్త్రం చదివినవాడు. కేంబ్రిడ్జ్ చదువు ముగించుకుని 1915లో స్వదేశానికి బయలుదేరే వేళ 'బయోమెట్రికా' పత్రిక సంపుటాలు చేతికి చిక్కడంతో గణాంకశాస్త్రం వైపు మళ్లాడు. కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తూనే 1931 డిసెంబరులో భారత గణాంక సంస్థను నెలకొల్పాడు. కొలత పరికరానికి సొంత దోషం ఉంటుందని, ముందు దాన్ని కొలవాలని భౌతికశాస్త్రవేత్తకు వేరే చెప్పనవసరం లేదు. సర్వేలో పరికరం మనిషి. ఆయన తర్వాతి పనిలో చాలా భాగాన్ని నేను ఈ దృష్టితోనే చూస్తాను.

జనపనార సర్వే ఎందుకు అవసరమైందో తెలిస్తే మిగతాది సులువుగా బోధపడుతుంది. మన రైత్వారీ గ్రామాల్లో కరణం ఉండేవాడు. ఏ సర్వే నంబరులో ఏ పంట వేశారో అడంగల్‌లో రాసేవాడు. ఆ రాతలో ఎంత నిజముందన్నది వేరే సంగతి, రాసే మనిషంటూ ఒకడున్నాడు. 1793 నాటి శాశ్వత శిస్తు ఒప్పందం కింద ఉన్న బెంగాల్‌లో ప్రభుత్వానికి జమీందారు నుంచి స్థిరమైన శిస్తు వస్తుంది కనుక, ఏ ఏటికాయేడు పంటల వివరాలు రాసే గ్రామోద్యోగి అవసరమే పడలేదు. అక్కడ జనపనార వేసే భూముల్లోనే ఔస్ (తొలకరి) వరి కూడా పండుతుంది. ధర చూసుకుని రైతు ఒక ఏడు దీన్ని, మరో ఏడు దాన్ని వేస్తాడు. ప్రపంచ విపణికి జనపనార సరఫరా చేసే ప్రాంతంలో ఆ ఏడు ఎన్ని ఎకరాలు వేశారో నమ్మకంగా చెప్పగలిగినవారు లేరు. ఇండియన్ సెంట్రల్ జ్యూట్ కమిటీ ఇచ్చిన డబ్బుతో 1937లో మహలనోబిస్ చిన్న ఎత్తున పని మొదలుపెట్టి, ఏటేటా విస్తరించుకుంటూ 1941 నాటికి బెంగాల్ అంతటికీ సర్వే జరిపాడు.

ఇలా మెట్లు మెట్లుగా వెళ్లడం జంకు వల్ల జరిగింది కాదు. ముందు ఏడాది సర్వేలో తేలిన అంకెలతో తర్వాతి ఏడాది సర్వేను రూపొందించడం ఆయన ఉద్దేశం. ఈనాడు మనం పైలట్ సర్వే అని అలవోకగా అనేస్తున్నది ఇదే. సీక్వెన్షియల్ విశ్లేషణను (డేటా వచ్చిన కొద్దీ చూసుకుంటూ తర్వాతి అడుగు నిర్ణయించే పద్ధతిని) స్థాపించిన వాల్డ్ తన గ్రంథంలో ఈ దశలవారీ జనపనార సర్వేను తన సిద్ధాంతానికి పూర్వగామిగా పేర్కొన్నాడు.

సర్వే జరిగిన తీరు ఇది. గ్రామాల పటాలపై యాదృచ్ఛికంగా బిందువులు గుర్తించి, వాటి ఆధారంగా గడులు గీసి, ఆ గడిలో పడిన ప్రతి కమతంలో ఏ పంట ఉందో సిబ్బంది వెళ్లి చూసి రాస్తారు. అప్పుడు రెండు ప్రశ్నలు వస్తాయి: గడి ఎంత పెద్దదిగా ఉండాలి, ఎన్ని గడులు ఉండాలి? పక్కపక్క కమతాల్లో తరచు ఒకే పంట ఉంటుంది కనుక గడిని రెట్టింపు చేసినంత మాత్రాన తెలిసే సంగతి రెట్టింపు కాదు. ఆ లెక్కన చిన్న గడులు ఎక్కువగా తీసుకోవడం మేలు. కానీ చిన్న గడులు ఎక్కువైతే ఒకదాని నుంచి మరొకదానికి నడిచే దూరం పెరుగుతుంది, బురదలో పడవల మీద పోయే బెంగాల్‌లో ఆ దూరమే అసలు ఖర్చు. గడి పరిమాణాన్ని బట్టి వేరియన్స్ (అంచనాలు ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలత) ఎలా తగ్గుతుందో ఒక సూత్రంగాను, గడి పరిమాణాన్ని, సంఖ్యను బట్టి ఖర్చు ఎలా పెరుగుతుందో మరో సూత్రంగాను రాసి, ఉన్న డబ్బుకు కనిష్ఠ దోషం ఎక్కడ వస్తుందో ఆయన వెతికాడు. ఖర్చు సూత్రంలోని స్థిరాంకాల కోసం సిబ్బంది నడకకు ఎంతసేపు పట్టింది, కమతం గుర్తించి రాయడానికి ఎంతసేపు పట్టింది అన్నవి విడివిడిగా నమోదు చేయించాడు. నేమన్ 'ఇన్ని యూనిట్లు తీసుకుంటే' అని మొదలుపెట్టిన చోట మహలనోబిస్ 'ఇన్ని రూపాయలు, ఇన్ని రోజులు ఉంటే' అని మొదలుపెట్టాడు. నా దృష్టిలో ఈ తేడా చిన్నది కాదు.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. ఒక ప్రాంతంలో యాదృచ్ఛికంగా పడిన బిందువులన్నిటినీ చుట్టి రావడానికి నడవాల్సిన దూరం, బిందువుల సంఖ్యకు ఉన్న వర్గమూలానికి దాదాపు అనుపాతంలో పెరుగుతుందని ఆయన 1940 నాటి పత్రంలో వాడుకున్నాడు. అంటే గడులు నాలుగు రెట్లయితే నడక రెండు రెట్లే అవుతుంది. దీనికి కచ్చితమైన గణిత నిరూపణ 1959లో బియర్డ్‌వుడ్, హాల్టన్, హామర్స్‌లీల పత్రంలో వచ్చింది. కంప్యూటర్ విజ్ఞానంలో ప్రసిద్ధికెక్కిన 'ప్రయాణించే వర్తకుడి సమస్య' చరిత్ర రాసేవారు జనపనార చేల దగ్గర ఆగక తప్పదు.

ఇక మీ అసలు ప్రశ్నకు వద్దాం. నమూనా చిన్నది కావడం వల్ల వచ్చే దోషం నమూనాను పెంచితే తగ్గుతుంది. రాసేవాడి వల్ల వచ్చే దోషం అలా తగ్గదు. ఎక్కువ మందిని హడావిడిగా తీసుకుంటే పెరుగుతుంది కూడా. ఒకడు గట్టు మీద నుంచే చూసి రాస్తాడు, మరొకడు ఊళ్లోకి వెళ్లకుండానే ఫారం నింపుతాడు, ఇంకొకడు నిజాయితీగానే పని చేస్తాడు గానీ నిర్వచనాన్ని తనకు తోచినట్టు అర్థం చేసుకుంటాడు. ఈ దోషాన్ని ఎలా కొలవాలి? మహలనోబిస్ ఒకే ప్రాంతంలో ఒకే పద్ధతిలో రెండు స్వతంత్ర నమూనాలు తీసి, వాటిని ఏ, బీ అర్ధ నమూనాలని పిలిచి, వేర్వేరు బృందాలకు అప్పగించాడు. రెండు నమూనాల గడులూ ఒకే ప్రాంతమంతా కలగలిసి పరచుకుని ఉంటాయి కనుక వీటికి ఇంటర్‌పెనెట్రేటింగ్ సబ్‌శాంపిల్స్, అంటే ఒకదానిలో ఒకటి అల్లుకున్న ఉపనమూనాలు అని పేరు వచ్చింది. రెండూ ఒకే మొత్తాన్ని అంచనా వేస్తున్నాయి. రెండు అంచనాల మధ్య తేడా యాదృచ్ఛికత వల్ల రావాల్సినదాన్ని మించి ఉంటే, ఆ మించిన భాగం మనుషుల వల్ల వచ్చిందన్నమాట.

ఇందులోని సౌలభ్యం చూడండి. ఉదాహరణకు ఒక ప్రాంతంలో తలసరి నెలసరి వ్యయం మొదటి ఉపనమూనా ప్రకారం 4,120 రూపాయలు, రెండోదాని ప్రకారం 3,980 రూపాయలు అనుకుందాం. సగటు 4,050. ప్రామాణిక దోషం, అంటే అంచనా మామూలుగా ఎంత అటూ ఇటూ కావచ్చో చెప్పే కొలత, ఆ రెండింటి తేడాలో సగం: 70. నమూనా ఎంత జటిలంగా ఎంచుకున్నా, వర్గాలు ఎన్ని ఉన్నా, దశలు ఎన్ని ఉన్నా ఈ సూత్రం మారదు. రెండూ స్వతంత్రంగా, ఒకే పద్ధతిలో తీసినవైతే చాలు. కంప్యూటర్లు లేని రోజుల్లో ఇది ఎంత పెద్ద వరమో చేత్తో లెక్కలు చేసినవారికి తెలుస్తుంది. పైగా ఆ 70లో నమూనా దోషం ఒక్కటే కాదు, రెండు బృందాల పనితీరులోని తేడా కూడా కలిసి ఉంటుంది.

ఇదంతా చేసి ఆయన సాధించినది ఏమిటన్న దానికి 1940ల మధ్యలో జరిగిన ఒక పోలికను తరచు ఉదహరిస్తారు. ఒక పక్క ప్రభుత్వం సుమారు 33,000 మందితో, దాదాపు 82 లక్షల రూపాయల ఖర్చుతో కమతం కమతం తిరిగి జనపనారను లెక్కించింది. మరో పక్క గణాంక సంస్థ సుమారు 600 మందితో, దాదాపు 8 లక్షలతో నమూనా సర్వే చేసింది. పంట విపణికి చేరాక తేలిన మొత్తం సుమారు 75.6 లక్షల బేళ్లు. నమూనా సర్వే అంచనా 75.4 లక్షలు, సంపూర్ణ గణన చెప్పినది 63 లక్షలు. మొత్తం లెక్కించినవారు 16 శాతానికి పైగా తక్కువ చెప్పారు. నమూనా అంకె అంత దగ్గరగా రావడంలో అదృష్టం పాలు కొంత ఉండి ఉంటుందని నేను అనుకుంటాను. ఏ ప్రామాణిక దోషమూ ఏటా అంత దగ్గరి ఫలితాన్ని హామీ ఇవ్వదు. కానీ 33,000 మందిని ఎవరు శిక్షణ ఇచ్చి పర్యవేక్షించగలరు అన్న ప్రశ్నకు మాత్రం అదృష్టంతో పనిలేదు. అంతకు ముందే, 1938లో, అమెరికా గణాంకవేత్త హొటెలింగ్ ఇంత కచ్చితత్వం, ఇంత పొదుపు ఉన్న యాదృచ్ఛిక నమూనా పద్ధతి తనకు తెలిసినంతలో అమెరికాలో గానీ మరెక్కడా గానీ లేదని రాశాడు.

అయితే ఈ పద్ధతికి ఉన్న పరిమితులను మీరు తప్పక తెలుసుకోవాలి. రెండు బృందాలూ ఒకే దిశలో తప్పు చేస్తే తేడా సున్నాకు దగ్గరగా వస్తుంది, మనకు అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. గృహస్థులందరూ ఆదాయం తగ్గించి చెబితే రెండు ఉపనమూనాలూ ముచ్చటగా ఏకీభవిస్తాయి. రెండే ఉపనమూనాలు ఉన్నప్పుడు తేడా నుంచి వచ్చే దోషపు అంచనాకు స్వతంత్రాంకం ఒక్కటే, అంటే అది ఒకే ఒక్క తేడా మీద ఆధారపడి ఉంటుంది. 95 శాతం నమ్మకంతో అసలు విలువ ఉండే హద్దులు చెప్పాలంటే ఆ దోషాన్ని 12.7 అనే పెద్ద అంకెతో (టీ విలువతో) గుణించాల్సి వస్తుంది. అందుకే తేడాను వర్గాల వారీగా తీసుకుని కూడతారు. మరొకటి, ఉపనమూనాలను వేర్వేరు మనుషులకు ఇచ్చినప్పుడే మనుషుల తేడా బయటపడుతుంది. నేను పనిచేసిన ఒకచోట ప్రయాణ ఖర్చు కలిసి వస్తుందని రెండు ఉపనమూనాల గ్రామాలనూ ఒకే బృందానికి అప్పగించేవారు. కాగితం మీద ఒకటీ రెండూ అలాగే ఉండేవి గానీ, అవి చెప్పాల్సిన సాక్ష్యంలో సగం అక్కడే పోయేది.

ఒకే దిశలో జరిగే తప్పుకు మంచి ఉదాహరణ ఆయన జీవితంలోనే ఉంది, ఆ వాదంలో ఆయన పక్షం నిలవలేదని నా అభిప్రాయం. దిగుబడి అంచనాకు ఆయన కొన్ని అడుగుల వ్యాసార్థంతో చిన్న వృత్తాలు కోయించేవాడు. చిన్నవి కనుక త్వరగా అవుతాయి, ఎక్కువ చోట్ల కోయవచ్చు. భారత వ్యవసాయ పరిశోధన మండలి గణాంక విభాగంలో ఉన్న పి. వి. సుఖాత్మే ఇలాంటి చిన్న ముక్కలు దిగుబడిని ఎక్కువ చేసి చూపుతాయని 1940లలో ప్రయోగాలతో వాదించాడు. కారణం సులభమే. హద్దు మీద ఉన్న వరి దుబ్బు లోపలిదా బయటిదా అన్న అనుమానం వచ్చినప్పుడు కోసేవాడి చెయ్యి దాన్ని లోపలికే లాగుతుంది. రెండడుగుల వ్యాసార్థం ఉన్న వృత్తంలో హద్దు ఒక్క అంగుళం బయటికి జరిగితే విస్తీర్ణం 8.5 శాతం పెరుగుతుంది. ఐదు మీటర్ల భుజం ఉన్న చతురస్రంలో నాలుగు వైపులా అదే అంగుళం జరిగితే పెరిగేది 2 శాతం. రెండు బృందాలూ ఇలాగే లోపలికి లాగుతాయి కనుక ఉపనమూనాల పోలిక దీన్ని పట్టుకోలేదు. చిన్న ముక్కల్లో ఈ మొగ్గు ఉందని మహలనోబిస్‌కు తెలియక కాదు. తగిన శిక్షణతో, సరైన పరిమాణంతో దాన్ని అదుపు చేయవచ్చని ఆయన నమ్మకం. ఆచరణలో దేశం పెద్ద ముక్కల వైపే వెళ్లింది. ఈనాడు మన తెలుగు జిల్లాల్లో వరికి పంట కోత ప్రయోగం జరిగేది ఐదు మీటర్ల చతురస్రంలోనే.

ఆ ప్రయోగాలను చాలాసార్లు దగ్గరుండి చూశాను. యాదృచ్ఛిక సంఖ్యల ప్రకారం పొడవు వైపు ఇన్ని అడుగులు, వెడల్పు వైపు ఇన్ని అడుగులు వేసి మొదటి మేకు పాతగానే, ఆ మూల పైరు పలచగా ఉందని, ఇటు పక్క బాగుందని రైతో, సిబ్బందిలో ఒకరో అనడం ఎప్పుడూ ఉండేదే. పంటల బీమా వచ్చాక, దిగుబడి తక్కువ తేలితేనే పరిహారం కనుక, మాట తిరగబడింది. పలచగా ఉన్న మూలే బాగుందనేవారు కనిపించసాగారు. తాడు కట్టేవాడి చేతిలోనే అంచనా మొత్తం ఉందన్నది అక్కడ ప్రతిసారీ గుర్తుకు వచ్చేది.

స్వాతంత్ర్యం వచ్చాక ఆయన అధ్యక్షతన 1949లో జాతీయాదాయ కమిటీ ఏర్పడింది. జాతీయాదాయం లెక్కించడానికి కావలసిన గృహ వ్యయ వివరాలు దేశంలో లేవని తేలడంతో 1950లో జాతీయ నమూనా సర్వే పుట్టింది. మొదటి రౌండు (సర్వే విడత) 1950 అక్టోబరు నుంచి 1951 మార్చి వరకు 1,833 గ్రామాల్లో జరిగింది. సంస్థలోని డి. బి. లాహిరి 1951లో, పరిమాణానికి అనుపాతంగా గ్రామాలను ఎంచుకోవడానికి జనాభాలన్నీ వరుసగా కూడుకుంటూ పోనవసరం లేని ఉపాయం చూపాడు: గ్రామం సంఖ్య ఒకటి, గరిష్ఠ జనాభాకు మించని సంఖ్య మరొకటి యాదృచ్ఛికంగా తీసి, రెండోది ఆ గ్రామ జనాభాను మించకపోతే ఆ గ్రామాన్ని తీసుకోవాలి, మించితే మళ్లీ రెండు సంఖ్యలు తీయాలి. గ్రామాల జాబితా వేలల్లో ఉండి, చేతిలో పెన్సిలు మాత్రమే ఉన్నవారికి ఇది ఎంత పని తప్పించిందో ఊహించండి. సర్వేలో కేంద్ర సిబ్బంది చేసే నమూనాకు తోడు, అదే పద్ధతిలో తీసిన మరో నమూనాను రాష్ట్రాల అర్థగణాంక శాఖలు చేయడం కూడా ఆచారమైంది. ఐక్యరాజ్యసమితిలో 1947 నుంచి 1951 వరకు పనిచేసిన నమూనా సర్వేల ఉపసంఘానికి అధ్యక్షుడు కూడా ఆయనే. సర్వే నివేదికలో ఏమేమి చెప్పి తీరాలో ప్రపంచానికి రాసిచ్చినది ఆ ఉపసంఘం.

విదేశాల్లో ఈ ఆలోచన రెండు దారుల్లో నడిచింది. అమెరికా గణాంకవేత్త డెమింగ్ దీన్నే రెప్లికేటెడ్ శాంప్లింగ్‌గా వాణిజ్య సర్వేల్లోకి తీసుకెళ్లాడు. తర్వాత వచ్చిన అర్ధ నమూనాల పద్ధతులకు, కొంతవరకు బూట్‌స్ట్రాప్‌కు (ఉన్న నమూనా నుంచే పదేపదే నమూనాలు తీసి దోషం లెక్కగట్టే పద్ధతికి) కూడా పూర్వరంగం ఇదేనని చరిత్ర రాసినవారు గుర్తించారు. రెండోది అమెరికా జనగణన శాఖది. 1950 జనగణనలో ఎన్యూమరేటర్లకు ప్రాంతాలను యాదృచ్ఛికంగా కేటాయించి వారి మధ్య తేడాను కొలిచారు. ఒక్కొక్కరు 50 ఇళ్లు చూస్తే, ఒకే మనిషి రాసిన సమాధానాల మధ్య 0.02 అంత స్వల్ప సహసంబంధం ఉన్నా వేరియన్స్ దాదాపు రెట్టింపవుతుంది: 1 + 49 × 0.02 = 1.98. ఆ ఫలితాలు చూశాకే 1960లో ప్రజలు తమ ఫారాలను తామే నింపే పద్ధతికి మొగ్గారు.

మనవారి సంగతి కూడా ఒక మాట. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి. ఆర్. రావు 1941లో మహలనోబిస్ దగ్గరికే చేరారు, అయితే ఆయన పేరు నిలిచినది ప్రధానంగా అంచనా సిద్ధాంతంలో. నమూనా సర్వేల్లోనే జీవితం గడిపినవారు ఏలూరులో పుట్టి కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయంలో స్థిరపడిన జె. ఎన్. కె. రావు. హార్ట్‌లీ, కాక్రన్‌లతో కలిసి 1962లో ఇచ్చిన ఎంపిక పద్ధతి, స్కాట్‌తో కలిసి చేసిన కై-వర్గ పరీక్షల సవరణ, చిన్న ప్రాంతాల అంచనాలపై చేసిన కృషి ఆయనవి. జిల్లా స్థాయికి దిగితే నమూనా చాలదని మీరు రేపు తెలుసుకున్నప్పుడు వెళ్లాల్సినది ఆ చివరి కృషి దగ్గరికే.

ఇప్పుడు మీ ఫైలు. 2010లలో వచ్చిన రౌండ్ల పద్ధతి ప్రకారం, అందులోని గుణకం ఒక్కొక్క ఉపనమూనా విడిగా మొత్తం జనాభాను అంచనా వేసేలా లెక్కించినది. చివరి రెండు అంకెలు దశాంశాలు కనుక 100తో భాగించాలి. రెండు ఉపనమూనాలనూ కలిపి అంచనా వేస్తున్నప్పుడు రెండింటి సగటు కావాలి కనుక మరో 2తో భాగించాలి, అదే 200. ఒక వర్గంలో ఒకే ఉపనమూనా సర్వే జరిగి ఉంటే సగటు తీయడానికి రెండోది లేదు, అక్కడ 100తోనే ఆపాలి. ఎన్‌ఎస్‌ఎస్, ఎన్‌ఎస్‌సీ అన్న రెండు నిలువు వరుసలు సమానమా కాదా అని చూడమనేది దీన్ని కనిపెట్టడానికే: మొదటిది ఆ ఉపనమూనాలో సర్వే చేసిన యూనిట్ల సంఖ్య, రెండోది రెండింటిలో కలిపి చేసినవి. దోషం కోసం ప్రతి వర్గంలో (స్ట్రాటంలో) రెండు అంచనాల తేడాను దానితోనే గుణించి, నాలుగుతో భాగించి, అన్ని వర్గాలకూ కూడి, వర్గమూలం తీయండి. ఉపనమూనాల వారీగా విడివిడిగా అంచనా వేసేటప్పుడు మాత్రం 100తోనే భాగించాలి; పొరపాటున 200 వాడితే మీ రాష్ట్ర జనాభా సగానికి పడిపోయి కనిపిస్తుంది. ఒకే ఉపనమూనా ఉన్న వర్గాలు ఒక పక్క అంచనాలో చేరి మరో పక్క చేరవు కనుక, రెండు ఉపనమూనాలను పోల్చేటప్పుడు మొత్తాలను కాక తలసరి సగటులను, నిష్పత్తులను పోల్చండి.